మారుతల్లి మందు

కోతిపిల్ల కన్నతల్లి ముందు నుంచే నడుచుకుంటూ వెళ్లి, అవతల కూర్చున్న వేరే ఆడకోతి పొట్టను కరుచుకుంది. తల్లి ఒకసారి కీచుమంది. పిల్ల తల తిప్పి చూసింది కూడా. చూసి, గుర్తుపట్టి, మళ్లీ ఆ కొత్త ఒళ్లోనే మొహం దాచుకుంది.

బోను బయట నిలబడి చూస్తున్న డాక్టర్ హిమబిందు కళ్లు మెరిశాయి. ఆరేళ్ల శ్రమ ఆ ఒక్క నిమిషంలో ఫలించింది.

"తల్లిని మరిసిపోనాదేటి మేడమ్?" అన్నాడు అప్పలనాయుడు. ఆ పరిశోధనశాలలో కోతుల్ని సాకేది ఆయనే. అరవైకి దగ్గరపడ్డ మనిషి.

"మరిచిపోలేదు నాయుడుగారూ. జ్ఞాపకం అలాగే ఉంటుంది. అమ్మ కావాలనే అవసరం పోతుంది, అంతే."

"అవుసరం పోనాక ఇంకేటి మిగుల్తాది మేడమ్?" అని ఆయన అరటిపళ్ల బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయాడు.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా, కొండవాలులో ఉంది ఆ పరిశోధనశాల. హిమబిందు తయారుచేసింది ముక్కులో చల్లే మందు. నలిపిన సోంపులా వాసన వస్తుంది. అది చల్లిన అరగంటసేపు పిల్ల మెదడు మళ్లీ పుట్టిన కొత్తలో ఉన్నట్టు మెత్తబడుతుంది. ఆ సమయంలో ఎవరు ఒళ్లో పెట్టుకుని, తినిపించి, లాలిస్తారో వాళ్లు తల్లి స్థానంలోకి వచ్చి కూర్చుంటారు. వరసగా ఏడు రోజులు చల్లాలి. మొదటి మూడు రోజుల్లో ఆపేస్తే ఏమీ మారదు. మూడు దాటితే ఇక వెనక్కి రాదు. అనాథాశ్రమంలో ఆయాలకు అలవాటుపడిన పిల్లలు దత్తత వెళ్లేటప్పుడు పడే నరకం తప్పించాలని ఆమె ఆశ. మందుకు కాగితాల మీద ఏదో అంకె ఉండేది. అప్పలనాయుడు మాత్రం దాన్ని 'మారుతల్లి మందు' అనేవాడు. చివరికి అందరికీ అదే పేరు అలవాటైంది.

ఒక్క విషయం హిమబిందు నివేదికలో రాయలేదు. రెండు కోతిపిల్లల్ని ఒక తల్లి దగ్గర్నుంచి మరో తల్లికి, మళ్లీ మందు చల్లి అక్కణ్నుంచి మొదటి తల్లికి మార్చి చూసింది. ఆ తర్వాత పదకొండు రోజులు అంతా బాగానే ఉంది. పన్నెండో రోజు నుంచి ఆ రెండూ ఎవరినీ పట్టుకోలేదు. ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లేవి, వదిలేస్తే మూలన కూర్చునేవి. వాటికి అంతకుముందు జ్వరం వచ్చిన మాట నిజం. ఆ జ్వరం పేరు చెప్పి ఆమె వాటిని ప్రయోగం నుంచి తీసేసింది.

ఆ వర్షాకాలంలోనే ఆమె చేతుల మీద నీలిమచ్చలు కనిపించాయి. రక్త కాన్సర్ అన్నారు. మహా అయితే నాలుగు నెలలు. ముంబైలో ఒక ఆసుపత్రి కొత్త చికిత్స మొదలుపెట్టింది గానీ, అది పదిమందిలో ఒకరికే పనిచేస్తోంది.

హిమబిందు కూతురు తన్మయికి అప్పటికి మూడేళ్లు. తల్లి బయటికి వెళ్తుంటే చెప్పులు దాచేసే పిల్ల. తల్లి చెవి తమ్మెను వేళ్ల మధ్య పట్టుకుంటే తప్ప నిద్రపోదు.

బొబ్బిలి నుంచి చెల్లెలు వాసంతి వచ్చింది. అక్కడ ప్రభుత్వ పాఠశాలలో టీచరు. పెళ్లి వద్దనుకుంది. అక్క తన జబ్బు సంగతి, మందు సంగతి చెప్పింది.

"తన్మయిని నేను పెంచుతానక్కా. అది నువ్వు అడగక్కర్లేదు. మందెందుకు? ఏడిస్తే ఏడుస్తుంది. ఓదార్చుకుంటాను."

"అమ్మ పోయినప్పుడు నీకు రెండేళ్లు. ఏడ్చి ఏడ్చి మాటలే మానేశావు. మళ్లీ నోరు విప్పడానికి ఏడాది పట్టింది."

"నాకు గుర్తే లేదుగా."

"నాకు గుర్తుంది," అంది హిమబిందు. "నా ఒళ్లోనే ఏడ్చావు. నాకప్పుడు ఆరేళ్లు. అది నా కూతురికి వద్దు."

భర్త ముకుందరావు ఓడరేవులో ఇంజనీరు. మెత్తని మనిషి. ఆ రోజు మాత్రం గొంతు పెంచాడు. "మనుషుల మీద ఇంతవరకూ ఎవరూ వాడలేదు. అనుమతి కూడా రాలేదు. ఏమిటీ మొండితనం బిందూ? బతికుండగానే నీకు నువ్వే పిండం పెట్టుకుంటావా?"

"నేను పోయాక అది గుమ్మంలో కూర్చుని నా కోసం చూస్తుంటే నువ్వు చూడగలవా?"

ఆయన లేచి తన్మయి దగ్గరికి వెళ్లిపోయాడు.

పరిశోధనశాలలో ఎవరికీ చెప్పకుండా ఆమె రెండు సీసాలు ఇంటికి తెచ్చింది. ఒకటి వాడటానికి, రెండోది మొదటిది పనిచెయ్యకపోతే ఉంటుందని.

ఆ ఏడు రోజులూ హిమబిందు మేడ మీది గదిలో ఉండిపోయింది. రోజూ సాయంత్రం నాలుగింటికి వాసంతి కింద హాల్లో తన్మయి ముక్కులో మందు చల్లి, ఒళ్లో కూర్చోబెట్టుకుని పెరుగన్నం తినిపించేది. మొదటి రెండు రోజులూ పిల్ల మెట్ల దగ్గరికొచ్చి "అమ్మా! దిగు! దిగమ్మా!" అని గొంతు చించుకుంది. పైన హిమబిందు కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. మూడో రోజు ఏడుపు తగ్గింది. నాలుగో రోజు "అమ్మ ఏది?" అని ఒక్కసారి అడిగింది. ఐదో రోజు అడగలేదు.

ఏడో రోజు సాయంత్రం హిమబిందు కిందికి దిగింది. అప్పుడే తన్మయి పరుగెత్తుతూ బల్ల మూలకు తగిలి పడింది. నుదురు బొప్పి కట్టింది. కెవ్వుమని లేచి, చేతులు చాచిన తల్లి పక్క నుంచే వెళ్లి వాసంతి మెడ వాటేసుకుంది. "పిన్నీ, నొప్పి, పిన్నీ!"

వాసంతి పిల్లను హత్తుకుని అక్క మొహం చూడలేక గోడవైపు తిరిగింది.

"బాగా పనిచేసింది," అంది హిమబిందు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. మర్నాడు ఆమె, ముకుందరావు ముంబై రైలెక్కారు. తన్మయి పిన్ని చంకలోంచి ముద్దుగా టాటా చెప్పింది.

పదిమందిలో ఆ ఒక్కరూ హిమబిందే అయింది.

ఎనిమిది నెలల తర్వాత, తలమీద పొట్టి జుట్టుతో, సగం బరువుతో ఆమె ఇంటికి తిరిగొచ్చింది. డాక్టర్లు ఇక భయం లేదన్నారు. గుమ్మంలో వాసంతి ఎర్రనీళ్లతో దిష్టి తీసి, ఏడుస్తూ నవ్వింది. ఆమె వెనక నుంచి తన్మయి తొంగి చూసింది. పొడుగయింది. పళ్లన్నీ కనిపించేలా నవ్వింది.

"అమ్మా, లోపలికి రండి. మీకు మంచినీళ్లు తేనా?"

రండి. మీకు. ఇంటికొచ్చిన పెద్దవాళ్లను ఎలా పలకరించాలో వాసంతి నేర్పిన మర్యాద అది. హిమబిందు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ముకుందరావు సామాను దించే నెపంతో బయటికి వెళ్లిపోయాడు.

పిల్లకు అన్నీ గుర్తున్నాయి. అమ్మ పాడిన పాటలు, అమ్మ పచ్చచీర, చెప్పులు దాచడం, అన్నీ. అడిగితే చెప్పేది, చదివిన పాఠం అప్పజెప్పినట్టు. హిమబిందు ముద్దు పెడితే పెట్టించుకునేది. రాత్రయితే పిన్ని చెవి పట్టుకుని పడుకునేది.

వాసంతి సెలవు పొడిగించి అక్కడే ఉండిపోయింది. ఆమె లేకుండా పిల్ల ఉండదు మరి. తనకూ పిల్ల లేకుండా గడవదని ఆమె పైకి చెప్పలేదు. పిల్ల రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తే పక్కన కూర్చుంది తనే. పలక మీద మొదటి అక్షరం దిద్దించింది తనే. అయినా అక్క ముందు తన్మయిని ఎత్తుకోవాలంటే దొంగతనం చేస్తున్నట్టు ఉండేది ఆమెకి.

రెండో సీసా ఫ్రిజ్ తలుపు అరలోనే ఉంది. రోజూ దాన్ని పారేద్దామనుకునేది హిమబిందు. రోజూ తలుపు మూసేసేది.

ఒక ఆదివారం పొద్దున వాసంతి స్నానాల గదిలో తన్మయికి తల రుద్దుతోంది. లోపల పిల్ల గలగలా మాట్లాడుతోంది. "పిన్నీ, చేపలు ఎప్పుడూ నీళ్లలోనే ఉంటాయి కదా, వాటికి జలుబు చెయ్యదా?" వాసంతి తువ్వాలు కోసం తలుపు తీసేసరికి బయట గోడ పక్కన హిమబిందు నిలబడి ఉంది. కళ్లు మూసుకుని, వినపడీ వినపడనట్టు "చెయ్యదమ్మా, చేపలకి ముక్కుల్లేవుగా," అంటోంది.

వాసంతి తలుపు మెల్లగా మూసేసింది. అక్క తనను చూడలేదు.

ఆ సాయంత్రం నాలుగింటికి వాసంతి తన్మయిని ఎత్తుకొచ్చి హిమబిందు ఒళ్లో కూర్చోబెట్టింది. "అక్కా, నాకు కొంచెం పనుంది. పెరుగన్నం నువ్వు తినిపించు. ఓ అరగంట దించకు," అని గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది.

హిమబిందు ముద్ద కలిపి పిల్ల నోటి దగ్గరికి తీసుకెళ్లింది. సోంపు వాసన వచ్చింది.

చేయి ఆగిపోయింది. ఆమెకు అంతా అర్థమైంది. ఎలా వాడాలో వాసంతికి తెలుసు. రెండోసారి వాడకూడదని మాత్రం తెలియదు. ఆ రెండు కోతిపిల్లల మాట హిమబిందు ఎవరికీ చెప్పలేదు కదా.

ఇప్పుడే లేవాలి. వంటింట్లోకి వెళ్లి 'ఆపెయ్' అనాలి. ఒక్క మాట చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది.

తన్మయి తల పైకెత్తి, చాలా నెలల తర్వాత మొదటిసారి, ఆమె కళ్లలోకి నిలకడగా చూసింది. "ఇంకో ముద్ద," అంది.

హిమబిందు ఇంకో ముద్ద పెట్టింది.

మూడు రోజుల వ్యవధి ఉందిగా అనుకుంది. రేపు చెబుదాం. ఆ రెండు కోతులకీ జ్వరం వచ్చింది, దీనికి రాలేదు. రెండు కోతుల్ని చూసి ఏ శాస్త్రమైనా తేలుతుందా? రెండో రోజు పిల్ల ఆమె చేతిగాజులతో ఆడుకుంది. మూడో రోజు తింటూ తింటూ ఆమె గుండెల మీద నిద్రపోయింది. ఒక చేత్తో ఆమె చెవి తమ్మె వెతుక్కుని పట్టుకుంది. వంటింటి తలుపు సందులోంచి వాసంతి చూస్తోందని హిమబిందుకు తెలుసు. చెల్లెలు కొంగుతో కళ్లు తుడుచుకోవడం కూడా కనిపించింది. చెప్పాల్సిన ఆఖరి సాయంత్రం అదే. ఆమె పిల్లను ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది.

ఏడో రోజు తర్వాత తన్మయి తల్లిదే అయింది. "అమ్మా, నువ్వు ఎక్కడికీ వెళ్లకు" అని కొంగు పట్టుకుని ఇల్లంతా తిరిగింది. చెప్పులు దాచింది. వాసంతి బొబ్బిలి వెళ్లడానికి పెట్టె సర్దుకుంటే, గుమ్మంలో నిలబడి మర్యాదగా, "మళ్లీ రండి పిన్నీ" అంది. వాసంతి ఆ మాటకు నవ్వి, ఆటో ఎక్కాక చేతుల్లో మొహం కప్పుకుంది.

ఆ తర్వాతి పదకొండు రోజుల్లో ఉన్నంత సంతోషం హిమబిందు బతుకులో అంతకుముందెప్పుడూ లేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం పిల్లల బడి నుంచి తన్మయిని తీసుకొస్తోంది. మలుపులో జామకాయలు అమ్మే ఆవిడ పిల్లను చూసి ముచ్చటపడి, "మా ఇంటికొచ్చేస్తావేటే గుంటా?" అంది.

"వస్తాను," అంది తన్మయి. తల్లి చేయి వదిలేసి వెళ్లి ఆవిడ ఒళ్లో కూర్చుంది.

ఆవిడ పగలబడి నవ్వింది. హిమబిందు నవ్వలేదు. "తన్మయీ, ఇలా రా. ఇంటికెళ్దాం."

"ఎందుకు?" అంది పిల్ల. అలక లేదు, అల్లరి లేదు. తెలియక అడిగినట్టే అడిగింది.

హిమబిందు పిల్లను ఆవిడ ఒళ్లోంచి ఎత్తుకుని, ఇంటిదాకా దించకుండా నడిచింది.

కబురు అందగానే వాసంతి పరుగున వచ్చింది. తనను చూస్తేనైనా కరుగుతుందేమోనని గుమ్మంలోనే చేతులు చాచింది. తన్మయి వచ్చి ఆ చేతుల్లో నిలబడింది. కాసేపాగి, "అయిపోయిందా?" అని అడిగి, బొమ్మల దగ్గరికి వెళ్లిపోయింది.

వాసంతికి ఏం జరిగిందో అంతుపట్టలేదు. మందు తను సరిగా చల్లలేదేమో, ఒక రోజు ఎక్కువైందేమో అని రోజంతా తనను తాను తిట్టుకుంది. హిమబిందు అప్పుడు కూడా నోరు విప్పలేదు.

రెండు రోజుల తర్వాత అప్పలనాయుడు మేడమ్‌ను చూడ్డానికి మునక్కాడల కట్ట పట్టుకుని వచ్చాడు. ఎప్పుడూ చూడని ఆయన ఒళ్లో తన్మయి నేరుగా వెళ్లి కూర్చుంది. ఆయన మురిసిపోయి తల నిమిరాడు. కాసేపటికి దించి నిలబెడితే ఎక్కడ దించాడో అక్కడే, గోడను చూస్తూ కూర్చుండిపోయింది. ఆయన మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

"మేడమ్," అన్నాడు. "రెండోపాలి ఏసీసినారేటి?"

"రెండోసారి వేస్తే ఏమవుతుంది?" అంది వాసంతి.

ముసలాయన ఇద్దరి మొహాలూ చూశాడు. "మా బోనులో రెండు పిల్లలుండేవి తల్లీ. ఇలాగే. ఎవులి ఒడైనా ఒకటే వోటికి. మేడమ్ ఎరుగుదురు కదేటి?"

ఆయన వెళ్లాక హాల్లో అక్కచెల్లెళ్లిద్దరే మిగిలారు. మూలన తన్మయి రంగు పెన్సిళ్లను పొడవు ప్రకారం పేరుస్తోంది.

"నేను మందు వేస్తున్నానని నీకెప్పుడు తెలిసింది?" అంది వాసంతి.

"మొదటిరోజే. వాసన వచ్చింది."

"మూడు రోజుల్లోపు ఆపొచ్చని..."

"తెలుసు."

వాసంతి అరవలేదు. నేల మీద కూర్చుంది. "నా ప్రాణం తీసి నీ ఒళ్లో పెడుతున్నాననుకున్నానక్కా. నువ్వు సంతోషంగా ఉంటే చాలనుకున్నాను. దాన్ని చంపుతున్నానని నాకు తెలీదు. నీకు తెలుసు."

"ఒక్కసారి నన్ను చూసింది వాసంతీ. ఇంకో ముద్ద అంది."

"నన్నయితే చూడకపోయినా పర్వాలేదనుకుని ఇచ్చేశాను," అంది వాసంతి. మళ్లీ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

ఆ వారంలోనే హిమబిందు పరిశోధనశాల డైరెక్టరు ముందు నోటు పుస్తకాలన్నీ పెట్టింది. ఆ రెండు కోతిపిల్లల సంగతి, రెండు సీసాల సంగతి, తన కూతురి సంగతి అన్నీ రాసిచ్చింది. మందు తయారీ ఆపేశారు. ఆమెను ఉద్యోగం నుంచి తీసేశారు, కేసు పెట్టారు. కోర్టులో అడిగినవన్నీ ఒప్పుకుంది. శిక్ష పడితే బాగుండునని లాయరుతో అంది. పిల్ల చిన్నదని జడ్జి కనికరించాడు.

వాసంతి బొబ్బిలి వెళ్లిపోతుందని ముకుందరావు అనుకున్నాడు. ఆమె విశాఖకు బదిలీ పెట్టుకుంది. ఎందుకమ్మా అని ఆయన అడిగితే, "నేను వెళ్లిపోతే దానికేమీ అనిపించదు బావగారూ. అందుకే వెళ్లలేను," అంది.

ఇద్దరు ఆడవాళ్లూ వంతులేసుకుని పిల్లను పెంచారు. ఎత్తుకున్నారు, పాడారు, కథలు చెప్పారు. పిలవకుండా తన్మయి ఎవరి దగ్గరికీ రాలేదు. బడిలో మాత్రం మంచిపేరు. ఎవరితోనూ పేచీ లేదు, చెప్పిన మాట వింటుంది, ఎవరి పక్కన కూర్చోబెట్టినా కూర్చుంటుంది. మీ పెంపకం గొప్పదని టీచర్లు మెచ్చుకునేవారు.

తన్మయికి ఏడో ఏడు నడుస్తుండగా బడిలో జారుడుబల్ల మీది నుంచి పడింది. మోచేయి విరిగింది. సాయంత్రం అక్కచెల్లెళ్లు తీసుకురావడానికి వెళ్లేసరికి పిల్ల అక్కడే ఒంటరిగా కూర్చుని, వంకర తిరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకుని ఉంది. మొహం తెల్లగా పాలిపోయింది. పెదవి కొరుక్కుని రక్తం వచ్చింది. పక్కనే ఆడుకుంటున్న పిల్లల్ని గానీ, టీచరును గానీ ఆమె పిలవలేదు. అలా ఎంతసేపు కూర్చుందో ఎవరికీ తెలియదు.

ఆసుపత్రిలో మత్తు ఎక్కిస్తే ఆలస్యమవుతుందని, నొప్పి తగ్గేలా సూది వేసి ఎముక సరిచేస్తామన్నారు డాక్టరు. "కొంచెం నొప్పి ఉంటుంది మరి," అన్నారు. నర్సు తన్మయి గడ్డం పట్టుకుని ముద్దుగా ఊపింది.

"ఎంత బుద్ధిమంతురాలమ్మా! ఇంత దెబ్బకి చుక్క కన్నీరు లేదు. లోపలికి ఒక్కళ్లనే రానిస్తాం తల్లీ. నీకు ఎవరు కావాలి?"

హిమబిందు, వాసంతి ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడ్డారు. తన్మయి ఇద్దరినీ చూసింది. నర్సుకు సరైన జవాబు చెప్పాలని ఆమె తాపత్రయం. తెలియని ప్రశ్న పరీక్షలో వచ్చినట్టు కాసేపు ఆలోచించింది.

"ఎవరైనా పర్వాలేదు సిస్టర్," అంది. "ఎవరూ రాకపోయినా పర్వాలేదు. మీరున్నారుగా."

నర్సు నవ్వి, "భయమే లేదు దీనికి!" అంటూ చేయి పట్టుకుని తీసుకెళ్లింది. తన్మయి వెనక్కి తిరిగి చూడలేదు. తలుపు మూసుకుంది.

అక్కచెల్లెళ్లిద్దరూ ఆ తలుపుకు చెరో పక్కన చెవి ఆనించి నిలబడ్డారు. ఎముక సరిచేసేటప్పుడు పెద్దవాళ్లే అరుస్తారు. ఒక్క కేక వినబడాలని, అందులో ఎవరి పేరైనా ఉండాలని ఇద్దరూ దేవుళ్లందరికీ మొక్కుకున్నారు. లోపల డాక్టరు "అయిపోయింది, అయిపోయింది" అనడం వినిపించింది. కట్టు కట్టేదాకా మరే గొంతూ వినిపించలేదు.